కీబోర్డు తాకని నిమిషాలు

యాప్రాల్ నుంచి సైనిక్‌పురి దాటి, ఏ.ఎస్.రావు నగర్ మీదుగా పోతే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. ఆటోవాళ్లకూ, అద్దె ఇళ్ల బ్రోకర్లకూ ఇవి ఏరియా పేర్లు, అంతే. ఆ ఏ.ఎస్.రావు ఎవరు, ఆ ఈసీఐఎల్‌లో ఏం తయారయ్యేది అని అడిగితే ఇటువైపు కొత్తగా ఫ్లాట్లు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో చాలామంది తల గోక్కుంటారు. అయ్యగారి సాంబశివరావుది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. అణుశక్తి శాఖలో పనిచేస్తూ, 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను నిలబెట్టిన మనిషి. 1969లో ఆ సంస్థ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ బయటికొచ్చింది. దాని రూపకల్పన ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో జరిగింది కాబట్టి ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నారు. 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

ఆ రోజుల్లో ఏ కంప్యూటర్ కేంద్రంలోనైనా ఖరీదైన సరుకు యంత్రమే. ప్రోగ్రామర్ కాలాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ప్రోగ్రాం రాసినాయన పంచ్ కార్డుల కట్ట కౌంటర్లో ఇచ్చేసి వెళ్లిపోవాలి. ఆపరేటర్ వంతుల ప్రకారం దాన్ని యంత్రానికి పెడతాడు. కొన్ని గంటలకో, మర్నాటికో ఫలితం కాగితం మీద చేతికొస్తుంది. ఒక్క కామా తప్పినా మళ్లీ మొదటికి. ఇంత తతంగంలోనూ నిక్కచ్చిగా లెక్కకట్టింది ఒకటే: ఎవరి పని యంత్రాన్ని ఎన్ని సెకన్లు వాడుకుంది అని. పెద్ద ఐబీఎం యంత్రాల్లో సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఫెసిలిటీస్ అనే ఏర్పాటు ఇందుకోసమే ఉండేది. ప్రతి జాబు ఎంత ప్రాసెసర్ కాలం తిన్నదో రాసిపెట్టేది. దాన్ని బట్టి ఏ విభాగానికి ఎంత బిల్లు వేయాలో తేల్చేవారు.

యాప్రాల్‌కు పడమటి దిక్కున, ఊరికి ఆ కొసన హైటెక్ సిటీ ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పుట్టుకొచ్చిన ప్రపంచంలో ఆ లెక్క పూర్తిగా తిరగబడింది. లాప్‌టాప్ ధర సీనియర్ డెవలపర్ నెల జీతంలో ఇమిడిపోతుంది. ఇప్పుడు ఖరీదైనది మనిషి గంట. యంత్రం కాలాన్ని కొలవడానికి పుట్టిన లెక్కలను మెల్లగా మనిషి కాలం మీదికి తిప్పారు. కొలిచే పనిముట్టు మాత్రం మారలేదు, అదే యంత్రం. అలా తిప్పడంలో ఏం జారిపోయిందో, దాన్ని పట్టుకోవడానికి పరిశోధకులు ఏం తంటాలు పడ్డారో ఈ అధ్యాయంలో చూద్దాం.

పన్నెండు మంది, ఒక చిక్కుదారి

కొత్త భాష, కొత్త పనిముట్టు, కొత్త పద్ధతి, ఏది వచ్చినా సాఫ్ట్‌వేర్ వాళ్లు అడిగేది ఒకటే: దీనితో పని తొందరగా తెములుతుందా? తేల్చుకోవాలంటే కొందరికి ఒకే పని ఇచ్చి, సగంమందిని పాత పద్ధతిలో, సగంమందిని కొత్త పద్ధతిలో చేయించి, పట్టిన కాలం కొలవాలి. వినడానికి సులువుగానే ఉంది. కాలమంటే ఎవరి కాలం అన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఈ రంగంలో బాగా పేరుపడ్డ ప్రయోగం 1968 జనవరిలో అచ్చయింది. కాలిఫోర్నియాలోని సిస్టమ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో సాక్‌మన్, ఎరిక్సన్, గ్రాంట్ అనే ముగ్గురు అనుభవమున్న పన్నెండు మంది ప్రోగ్రామర్లను తీసుకున్నారు. అప్పటికి కార్డుల కట్ట ఇచ్చి ఎదురుచూసే పద్ధతికి పోటీగా టైమ్ షేరింగ్ వచ్చింది. అంటే టెర్మినల్ ముందు కూర్చుని, అప్పటికప్పుడు యంత్రంతో మాట్లాడుతూ ప్రోగ్రాం సరిచేసుకోవడం. దీనివల్ల యంత్రం కాలం వృథా అవుతుందని పాతకాపుల వాదన, మనిషి కాలం మిగులుతుందని కొత్తవాళ్ల వాదన. ఏది నిజమో తేల్చడానికి రెండు పనులు పెట్టారు. ఒకటి బీజగణిత సమీకరణాలను అర్థం చేసుకుని లెక్కకట్టే ప్రోగ్రాం. రెండోది నిలువుకు ఇరవై, అడ్డానికి ఇరవై గళ్లున్న చిక్కుదారిలో బయటికి పోయే తోవ వెతికే ప్రోగ్రాం. ఒక్కొక్కరికీ కోడ్ రాయడానికి పట్టిన గంటలు, తప్పులు దిద్దడానికి పట్టిన గంటలు, వాడిన ప్రాసెసర్ సెకన్లు, చివరికి తయారైన ప్రోగ్రాం పరిమాణం, అది పరుగెత్తే వేగం, అన్నీ రాసుకున్నారు.

రెండు వాదాలకూ తలా కొంత దక్కింది. టెర్మినల్ ముందు కూర్చున్నవాళ్లకు తప్పులు దిద్దే గంటలు తగ్గాయి. కార్డులవాళ్లు యంత్రాన్ని కొంచెం పొదుపుగా వాడుకున్నారు. మనిషి కాలానికీ యంత్రం కాలానికీ మధ్య బేరం ఉంటుందని అంకెల్లో చూపించిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి. కానీ లోకానికి గుర్తుండిపోయింది ఇది కాదు. బీజగణితం పనిలో అందరికన్నా వేగంగా చేసినవాడికి తప్పులు దిద్దడానికి 6 గంటలు పడితే, అందరికన్నా వెనకబడ్డవాడికి 170 గంటలు పట్టింది. ఒకటికి ఇరవై ఎనిమిది రెట్లు! ‘ఒక మంచి ప్రోగ్రామర్ పదిమంది పెట్టు’ అని ఈనాటికీ ఇంటర్వ్యూ గదుల్లో వినిపించే మాటకు మూలపురుషుల్లో ఈ అంకె ఒకటి.

అదే పనిలో ప్రాసెసర్ కాలం మాత్రం 370 సెకన్ల నుంచి 3,075 సెకన్ల దాకా, సుమారు ఎనిమిది రెట్లే తేడా. అంటే మనిషి గంటల్లో చూస్తే ఒక దూరం, యంత్రం సెకన్లలో చూస్తే మరో దూరం. ఆ ప్రయోగాన్ని ఉదహరించేవాళ్లు పెద్ద అంకెనే ఎందుకు పట్టుకున్నారో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. 1999లో జర్మన్ పరిశోధకుడు లుట్జ్ ప్రెషెల్ట్ ఈ ఇరవై ఎనిమిది రెట్ల కథ దారితప్పించేదని ఒక నివేదిక రాశాడు. ఆ అంకె టెర్మినల్‌వాళ్లనూ కార్డులవాళ్లనూ ఒకే రాశిలో పోసి తీసింది. పైగా అందరూ ఒకే భాషలో రాయలేదు. కొందరు పైస్థాయి భాషలో, కొందరు యంత్రభాషకు దగ్గరి దానిలో రాశారు. ఇవన్నీ విడదీస్తే తేడా బాగా కుంచించుకుపోతుంది. మనుషుల మధ్య తేడా ఉంది, అందులో అనుమానం లేదు. ఇరవై ఎనిమిది రెట్లు మాత్రం ఆ ప్రయోగం కూడికలో పుట్టిన అంకె.

మూడు గడియారాలు

యూనిక్స్, లినక్స్ యంత్రాల్లో ‘టైమ్’ అని ఒక చిన్న ఆదేశం ఉంది. ఏ ప్రోగ్రాం ముందు పెట్టి నడిపినా, పని అయ్యాక మూడు వరుసలు చూపిస్తుంది. మొదటిది గోడ గడియారం లెక్క: మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా గడిచిన కాలం. రెండోది ప్రాసెసర్ ఆ ప్రోగ్రాం సొంత పని మీద గడిపిన కాలం. మూడోది ఆ ప్రోగ్రాం కోసం ఆపరేటింగ్ సిస్టమ్ పడ్డ శ్రమ. ఒక ప్రోగ్రాంకు గోడ గడియారం పది నిమిషాలు చూపించి, మిగతా రెండూ కలిపి రెండు సెకన్లు చూపించాయనుకోండి. మిగిలిన కాలమంతా అది దేనికోసమో ఎదురుచూసింది. నెట్‌వర్క్ కోసం కావచ్చు, డిస్క్ కోసం కావచ్చు, ‘అవునా కాదా’ అని అడిగితే జవాబివ్వని మనిషి కోసం కావచ్చు.

మనిషి పనిని కొలిచే ప్రయోగాల్లోనూ ఇలాంటి మూడు కాలాలు తరచూ కలగాపులగమయ్యాయి. ఒక పరిశోధకుడు ‘పనికి రెండు గంటలు పట్టింది’ అంటే అది గోడ గడియారమా, కంప్యూటర్ ముందు కూర్చున్న కాలమా, నిజంగా బుర్రపెట్టిన కాలమా? నిజంగా కావలసింది మూడోదే. దానికి మాత్రం ఏ యంత్రంలోనూ గడియారం లేదు.

అయితే ఆ మనిషినే రాసిపెట్టమంటే పోదా? అదీ చేసి చూశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన వాట్స్ హంఫ్రీ 1995లో పర్సనల్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ అనే క్రమశిక్షణను పుస్తకంగా రాశాడు. పని మొదలుపెట్టిన నిమిషం, ఆపిన నిమిషం, మధ్యలో ఫోన్ వస్తే పోయిన నిమిషాలు, దొరికిన ప్రతి తప్పు, అన్నీ ఎవరికి వారే కాగితం మీద రాసుకోవాలి. కంపెనీల పనితీరుకు లెవెళ్లు ఇచ్చేందుకు ఆ సంస్థే తెచ్చిన సీఎంఎం నమూనా మన దగ్గర ఎంత పాకిందో 1990ల చివర సికింద్రాబాద్, హైదరాబాద్ కంపెనీల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లెవెల్ 5 పత్రం రిసెప్షన్ గోడ మీద లేకపోతే అమెరికా క్లయింటు లోపలికి రాడన్నంత పట్టుదల. దాంతోపాటే టైమ్‌షీటూ వచ్చింది.

1998లో హవాయి విశ్వవిద్యాలయంలో ఆన్ డిస్నీ, ఫిలిప్ జాన్సన్ ఈ చేతిరాత లెక్కలను తిరగేశారు. పదిమంది చేసిన 89 ప్రాజెక్టుల పత్రాల్లో 1,500కు పైగా తప్పులు తేలాయి. కూడికలు తప్పడం, ఖాళీలు వదిలేయడం, ఒక పత్రంలోని అంకె ఇంకోదానికి ఎక్కకపోవడం. వీళ్లంతా బుద్ధిగా, మార్కుల కోసం రాసిన విద్యార్థులు. ఇక శుక్రవారం సాయంత్రం ఇంటికి పోయే తొందరలో వారం మొత్తానికి ‘ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది’ అని నింపే మన టైమ్‌షీట్ సంగతి వేరే చెప్పాలా? ఆ పత్రం బిల్లుకు పనికొస్తుంది. ప్రయోగానికి పనికిరాదు.

జాన్సన్ దీని నుంచి ఒక నిర్ణయానికొచ్చాడు. మనిషి చేత రాయించడం మానేసి, అతను కోడ్ రాసే ఎడిటర్‌లోనే చిన్న సెన్సర్ పెట్టాలి. 2001 ప్రాంతంలో హ్యాకీస్టాట్ అలా పుట్టింది. ఏ ఫైలు తెరిచారు, ఎప్పుడు మార్చారు, పరీక్షలు ఎప్పుడు నడిపారు అన్నది డెవలపర్ వేలు కదపకుండానే సర్వర్‌కు చేరుతుంది. రాత తప్పులు పోయాయి. కానీ ఎవరో ఎప్పుడూ చూస్తున్నారన్న భావన కొందరు డెవలపర్లకు నచ్చలేదు. 2013లో రాసిన వ్యాసంలో జాన్సన్ ఆ సంగతి దాచకుండా చెప్పాడు. తన పనిముట్టు గురించి ఇంత నిజాయితీగా రాసే పరిశోధకులు తక్కువ.

పదకొండు నుంచి పన్నెండు దాకా

ఈ సెన్సర్లు లోపల ఏం చేస్తాయో ఒకసారి దగ్గరగా చూద్దాం. విండోస్‌లో ‘గెట్ లాస్ట్ ఇన్‌పుట్ ఇన్ఫో’ అని ఒక ఫంక్షన్ ఉంది. చివరిసారి కీబోర్డు గాని మౌస్ గాని కదిలింది ఎప్పుడు అని అడిగితే, యంత్రం లేచినప్పటి నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లలో చెబుతుంది. ఇప్పటి అంకెలోంచి దాన్ని తీసేస్తే మనిషి ఎంతసేపటి నుంచి యంత్రాన్ని ముట్టుకోలేదో తెలుస్తుంది. (ఆ అంకె దాచే చోటు 32 బిట్లే. యంత్రం ఆపకుండా 49 రోజుల 17 గంటలు నడిస్తే అది నిండిపోయి మళ్లీ సున్నా అవుతుంది. ఇది మరిచిపోయి రాసిన లాగర్, అంటే వాడకాన్ని నమోదుచేసే ప్రోగ్రాం, ఆ రోజు వింత వింత లెక్కలు చూపిస్తుంది.) ఇంకో ఫంక్షన్ తెర మీద ముందున్న విండో ఏదో చెబుతుంది. ఈ రెండింటినీ సెకనుకోసారి అడిగి రాసుకుంటూ పోతే చాలు, కంప్యూటర్ వాడకాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ మూడొంతులు తయారైనట్టే.

మిగిలిన వంతులోనే అసలు పేచీ ఉంది. ఎంతసేపు ముట్టుకోకపోతే మనిషి పనిలో లేడని అనుకోవాలి?

యాప్రాల్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ ఒకటి ఊహించుకుందాం. ఇంటి నుంచి పని. ఇక్కడివాళ్లకు అది సుఖం కన్నా అవసరం. హైటెక్ సిటీకి పోవాలంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి, కంటోన్మెంట్‌లో ఏ రోడ్డు ఏ వేళకు మూస్తారో అన్న దిగులు దానికి అదనం. ఆ ఇంట్లో ఒక డెవలపర్ ఉదయం పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక బగ్ వెంటపడింది. ఆ గంటలో కీబోర్డు, మౌస్ ఎడతెగకుండా కదిలిన కాలం మొత్తం 18 నిమిషాలు. పదహారు సెకన్ల నుంచి రెండు నిమిషాల దాకా చెయ్యి ఆగిన విరామాలన్నీ కలిపితే 14 నిమిషాలు: లాగ్ ఫైలు చదువుతోంది. రెండు నుంచి ఐదు నిమిషాల విరామాలు కలిపి 12 నిమిషాలు: వేరేవాళ్లు రాసిన కోడ్ చూస్తూ ఉండిపోయింది. ఐదు నిమిషాలు దాటిన విరామాలు రెండే. ఒకటి 7 నిమిషాలు: గ్యాస్ సిలిండర్ వచ్చింది, ఓటీపీ చెప్పి, పాత సిలిండర్ ఇచ్చి పంపింది. రెండోది 9 నిమిషాలు: నోటు పుస్తకంలో పెన్సిల్‌తో బాణాలు గీసుకుంటూ, ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోందో చూసుకుంది. బగ్ దొరికింది ఆ తొమ్మిది నిమిషాల్లోనే.

ఇప్పుడు లాగర్‌లో గీత ఎక్కడ గీస్తారో చూడండి. పదహారు సెకన్ల దగ్గర గీస్తే ఆ గంటలో పని 18 నిమిషాలు. రెండు నిమిషాల దగ్గర గీస్తే 32. ఐదు నిమిషాల దగ్గర గీస్తే 44. మనిషి మారలేదు, పని మారలేదు, లాగ్ కూడా మారలేదు. మారింది ప్రోగ్రాంలో ఒక్క అంకె. ఈ మూడింట్లో ఎక్కడ గీసినా సిలిండర్ నిమిషాలూ పెన్సిల్ నిమిషాలూ ఒకే గాటన పడతాయి, ఎందుకంటే రెండు వేళలా కీబోర్డు ఒకేలా నిశ్శబ్దంగా ఉంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టర్లో ఎవరు ఎప్పుడు లోపలికెళ్లారో, ఎప్పుడు బయటికొచ్చారో ఉంటుంది; ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో ఉండదు. లాగర్‌కు తెలిసేదీ అంతే.

పదహారు సెకన్లన్నది నేను గాల్లోంచి తీసుకున్న అంకె కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మోరిట్జ్ బెలర్ బృందం తయారుచేసిన వాచ్‌డాగ్ అనే పనిముట్టులో విరామానికి పెట్టిన హద్దు అది. అంత బిగుతుగా ఎందుకు పెట్టారంటే, వాళ్లు అడిగిన ప్రశ్న ఎడిటర్ లోపల జరిగేదాని గురించి. కోడ్ రాయడానికీ పరీక్షలు రాయడానికీ మధ్య కాలం ఎలా పంచుకుంటున్నారన్నదే వాళ్లకు కావాలి. ఆ ప్రశ్నకు ఆ గీత సరే. అదే గీతను పట్టుకుని ‘ఈ మనిషి రోజులో ఎంత పనిచేసింది’ అని అడిగితే కొలత దారి తప్పుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. క్లయింటు డేటా బయటికి పోకూడదని చాలా ప్రాజెక్టుల్లో డెవలపర్లు క్లయింటు ఇచ్చిన రిమోట్ డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అయి పనిచేస్తారు. సొంత లాప్‌టాప్ మీది లాగర్‌కు రోజంతా కనిపించేది ఒకే విండో. లోపల ఎడిటర్ ఉందో, టెస్టింగ్ జరుగుతోందో, క్రికెట్ స్కోరు ఉందో దానికి తెలియదు. ఎనిమిది గంటల రికార్డులో ఒక్కటే వరుస. ఇలాంటి డేటాతో గ్రాఫ్ గీసి మీటింగుల్లో చూపించేవాళ్లున్నారు.

మనిషి మాట, యంత్రం మాట

ఇంత లోపమున్న కొలత ఎందుకు మరి, మనిషినే అడిగితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. బెలర్ బృందం 2015లో అచ్చేసిన అధ్యయనంలో 416 మంది పాల్గొన్నారు. పని కాలంలో సగం పరీక్షలకే పెడుతున్నామని వాళ్ల నమ్మకం. కొలిస్తే తేలింది పావు వంతు. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. కష్టంగా అనిపించిన పని మనసులో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

2025 జులైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ప్రకటించిన ప్రయోగం ఇంకా తమాషాగా ఉంది. తమకు బాగా అలవాటైన పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మీద పనిచేసే 16 మంది అనుభవజ్ఞులు, 246 పనులు. ఏ పనికి కృత్రిమ మేధ సాధనాలు వాడొచ్చో, దేనికి వాడకూడదో లాటరీ తీసినట్టు నిర్ణయించారు. పని జరుగుతున్నంతసేపూ తెరను రికార్డు చేశారు. మొదలుపెట్టేముందు వాళ్ల అంచనా, పని 24 శాతం తొందరగా అవుతుందని. అయిపోయాక అడిగితే 20 శాతం తొందరగా అయిందన్నారు. కొలిస్తే 19 శాతం ఆలస్యమైంది. తెర రికార్డింగుల్లో 143 గంటల పాటు ఏ నిమిషాన ఏం జరిగిందో చూసి గుర్తులు పెట్టారు. సాధనం వాడిన పనుల్లో కోడ్ టైపు చేసే కాలం తగ్గింది. దానికి ఏం కావాలో చెప్పడం, జవాబు కోసం ఎదురుచూడడం, వచ్చినదాన్ని సరిచూసుకోవడం పెరిగాయి. పదహారు మందితో ప్రపంచమంతటికీ తీర్పు చెప్పలేమని ఆ సంస్థే హెచ్చరించింది. కానీ సొంత వేగం గురించి అంత అనుభవమున్నవాళ్ల అంచనా కూడా అలా తలకిందులు కావడం మాత్రం గమనించాల్సిందే.

యంత్రం మాట ఒక్కటే వింటే ఒక రకం పొరపాటు, మనిషి మాట ఒక్కటే వింటే ఇంకో రకం. అందుకే నాకు నచ్చిన ప్రయోగాలు రెండూ కలిపినవి. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే మేయర్, థామస్ ఫ్రిట్జ్ తదితరులు తయారుచేసిన పర్సనల్ అనలిటిక్స్ అలాంటిది. నాలుగు కంపెనీల్లోని 20 మంది డెవలపర్ల కంప్యూటర్లలో దాన్ని పెట్టారు. ఏ విండో ముందుంది, ఎన్ని మీటలు నొక్కారు అన్నది లెక్కపెడుతుంది. ఏ మీటలు నొక్కారో రాసుకోదు. మధ్యమధ్య చిన్న పెట్టె తెరుచుకుని, ‘ఈ కాస్సేపు పని బాగా సాగిందని అనిపించిందా’ అని అడుగుతుంది. డేటా ఆ మనిషి కంప్యూటర్లోనే ఉంటుంది. తేలిందేమిటంటే, పని బాగా సాగిందన్న భావనకు అందరికీ పనికొచ్చే కొలత లేదు. ఒకరికి మీటింగ్ వృథా, ఇంకొకరికి ఆ రోజు సాధించిందల్లా మీటింగే. కొందరు పొద్దున చురుకు, కొందరు భోజనం వేళకు నీరసించి మళ్లీ పుంజుకుంటారు, కొందరికి మధ్యాహ్నం దాటితే గాని ఊపు రాదు.

చైనాలోని రెండు కంపెనీల్లో షిన్ షియా, డేవిడ్ లో బృందం 78 మందిని 3,148 గంటలు గమనించి ఇంకో సంగతి తేల్చింది. సగటున 58 శాతం కాలం ఉన్న కోడ్‌ను అర్థం చేసుకోవడానికే పోతుంది. జార్జియా టెక్‌లో క్రిస్ పార్నిన్, స్పెన్సర్ రుగాబర్ 86 మంది ప్రోగ్రామర్ల పదివేల పని విడతల రికార్డులు చూశారు. ఆగిన పనిని తిరిగి అందుకున్నాక నిమిషంలోపే కోడ్ మార్చడం మొదలైన విడతలు పదింట ఒకటి మాత్రమే. మిగతా వాటిలో ‘ఎక్కడ ఆపాను, ఏం చేస్తున్నాను’ అని వెతుక్కోవడమే ముందు. మన ఫ్లాట్‌లో గ్యాస్ సిలిండర్‌కు పోయింది ఏడు నిమిషాలేనని రాశాను. దాని వెనక తోకలా వచ్చే నిమిషాలు ఆ లెక్కలో లేవు.

పచ్చచుక్క

ఈ కాలపు పరిశోధకులకు ఒక కట్టుబాటు ఉంది. పాల్గొనేవాళ్లకు ముందే చెప్పాలి, ఒప్పించాలి, వద్దంటే వదిలేయాలి, పేర్లు తీసేయాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసులు ఇళ్లకు చేరాక ఇవే పనిముట్లు ఆ కట్టుబాటు లేకుండా మేనేజర్ల చేతికొచ్చాయి.

హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ ఇందులో రెండు వైపులా కనిపిస్తుంది. 2020లో ఆ సంస్థ ప్రొడక్టివిటీ స్కోర్ అనే సదుపాయం తెచ్చింది. ఏ ఉద్యోగి ఎన్ని రోజులు ఈమెయిల్ పంపాడు, ఎన్ని రోజులు చాట్ వాడాడు అన్నది పేర్లతో సహా పైవాళ్లు చూడగలిగేలా ఉందని విమర్శలు వచ్చాయి. డిసెంబరు 1న పేర్లు తీసేస్తున్నామని ప్రకటించారు. 2022 సెప్టెంబరులో అదే సంస్థ సర్వేలో 87 శాతం ఉద్యోగులు తాము బాగానే పనిచేస్తున్నామన్నారు. తమ మనుషులు బాగా పనిచేస్తున్నారని పూర్తి నమ్మకమున్న పైఅధికారులు 12 శాతం. ఈ అనుమానాన్ని నాదెళ్ల ఒక జబ్బుగానే మాట్లాడాడు. అతని సంస్థ అమ్మే టీమ్స్‌లోనే ఐదు నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోకపోతే, మనిషి అందుబాటులో ఉన్నట్టు చూపే పచ్చచుక్క పసుపుగా మారుతుంది. పెన్సిల్ పట్టుకున్న తొమ్మిది నిమిషాల్లో చివరి నాలుగూ మన డెవలపర్ చుక్క పసుపే.

జనం ఏం చేస్తారు? మౌస్‌ను దానంతటదే కదిలించే చిన్న యంత్రాలు, జిగ్లర్లు, ఆన్‌లైన్లో కొనుక్కుంటారు. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు కదులుతున్నట్టు భ్రమ కల్పించారని డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. ఆ కొలతలో లోపం జిగ్లర్‌తో పుట్టలేదు. కీబోర్డు కదలికనే పనిగా లెక్కకట్టినప్పుడే పుట్టింది. జిగ్లర్ దాన్ని బయటపెట్టింది.

అదే కీబోర్డు లెక్కను ఇంకోలా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. మాన్యుయెలా జ్యూగర్, ఫ్రిట్జ్ బృందం బల్ల మీద ఒక చిన్న దీపం పెట్టింది. కీబోర్డు, మౌస్ కదలిక బట్టి మనిషి పనిలో మునిగి ఉంటే అది ఎర్రగా వెలుగుతుంది, ఇప్పుడు కదిలించొద్దని పక్కవాళ్లకు గుర్తు. 12 దేశాల్లో 449 మందితో చేసి 2017లో అచ్చేసిన అధ్యయనంలో మధ్యలో వచ్చి పలకరించడాలు 46 శాతం తగ్గాయి. లెక్క సుమారుగా ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే తప్పితే పోయేది ఒక పలకరింపు. ఎవరి ఉద్యోగమూ పోదు. (యాప్రాల్ ఫ్లాట్‌లో ఆ దీపం పెడితే అత్తగారు చూసి ఆగుతారా అన్నది వేరే ప్రయోగం.)

చట్టం సంగతి కూడా చెప్పాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. మామూలుగా మన డేటా తీసుకోవాలంటే మన అనుమతి కావాలంటుంది. కానీ ఏడో సెక్షన్లో ఉద్యోగ అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికి అనుమతి లేకుండానే వాడుకునే వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు వెడల్పు ఎంతో కోర్టులు తేల్చేదాకా, ప్రయోగశాలలో పాటించే మర్యాద ఆఫీసులో ఉంటుందన్న భరోసా ఉద్యోగికి లేదు.

కాబట్టి మీ కంప్యూటర్లో అలాంటి సాఫ్ట్‌వేర్ పెడుతున్నారని తెలిస్తే, పెట్టొద్దని పోట్లాడలేకపోయినా ఒక ప్రశ్న మాత్రం మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి: ఎన్ని సెకన్లు ముట్టుకోకపోతే ఖాళీగా ఉన్నట్టు లెక్క, ఆ అంకె ఎవరు, ఏ ప్రశ్న కోసం ఎంచుకున్నారు? పరిశోధకులైతే తమ వ్యాసంలో ఆ సంగతి రాయక తప్పదు. అది చెప్పలేని పట్టికను పట్టుకుని ఎవరి అప్రైజలూ రాయకూడదు.